పర్లాకిమిడి నటన తరగతి, 18,000 రూపాయల లఘుచిత్రం: ఖర్చు రాసినవాడి మాట

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో శని, ఆదివారాల్లో సాయంత్రం నాలుగు నుంచి ఏడు గంటల వరకు యువతకు నటన నేర్పే తరగతి ఒకటి నడుస్తోంది. పదమూడేళ్ల నుంచి ఇరవై ఒక్కేళ్ల లోపు వారిని చేర్చుకుంటారు. పన్నెండు వారాలకు రుసుము 4,000 రూపాయలు. చివరి నాలుగు వారాల్లో తీసే లఘుచిత్రం కోసం ఒక్కొక్కరు మరో 1,000 రూపాయలు వేసుకోవాలి. ప్లస్ టూ చదువుతున్న మా అమ్మాయి మొన్నటి బృందంలో చేరింది. నేను ఒడియా మాధ్యమం పాఠశాలలో లెక్కలు చెప్పేవాణ్ని కాబట్టి, ఆ చిత్రం జమాఖర్చుల పుస్తకం రాసే పని నాకు అప్పగించారు. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ సమీక్షకు చాలావరకు ఆధారం అదే. తరగతి పేరు మాత్రం రాయడం లేదు, ఎందుకంటే మెచ్చుకోలుతో పాటు ఇందులో ఫిర్యాదు కూడా ఉంది, పైగా ఊరు చిన్నది.

ముందుగా అభిప్రాయం చెప్పేస్తాను. నటన నేర్పిన ఎనిమిది వారాలకు పెట్టిన డబ్బు రెట్టింపై తిరిగి వచ్చింది. సినిమా తీసిన నాలుగు వారాల్లో, ఉన్న కొద్ది డబ్బును దేని మీద పెట్టాలో నిర్ణయించే దగ్గర, పిల్లలకన్నా మాస్టారే ఎక్కువ మోజులో పడ్డారు. కెమెరాకు, ఆకాశంలో ఎగిరే డ్రోన్‌కు చేతికి ఎముక లేనట్టు ఖర్చు పెట్టి, మాట వినిపించడానికి ఒక్క రూపాయి కూడా కేటాయించలేదు.

మాస్టారు కొన్నేళ్లు పరిషత్తు నాటకాల్లో వేషాలు వేసి, ఆ తరువాత విశాఖపట్నంలో కొందరు దర్శకుల దగ్గర సహాయకుడిగా పనిచేసి వచ్చారు. మొదటి రోజు పద్నాలుగు మంది పిల్లలను వరుసగా నిలబెట్టి, ఎవరికి నచ్చింది వారు చేసి చూపించమన్నారు. పదకొండు మంది ఎవరో ఒక కథానాయకుడి డైలాగును, ఆయన గొంతుతోనే, ఆయన చెయ్యి తిప్పినట్టే చెయ్యి తిప్పుతూ అప్పజెప్పారు. మాస్టారు ఎవరినీ ఏమీ అనలేదు. అందరివీ విన్నాక, "ఇప్పుడు అదే మాట మీ ఇంటికి నీళ్లపాలు పోసినవాడితో ఎలా అంటారో అనండి" అన్నారు. గది గుమ్మంలో నిలబడి చూస్తున్న నాకు ఆ క్షణంలోనే ఈయనకు పని తెలుసు అనిపించింది, ఎందుకంటే పిల్లల భుజాలు ఒక్కసారిగా కిందికి దిగాయి, గొంతులు వారి వయసుకు వచ్చాయి.

మొదటి రెండు వారాలూ డైలాగు కాగితమే ఇవ్వలేదు. ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఎదుటివాడు అన్న చివరి వాక్యాన్ని తిరిగి చెప్పిన తరువాతే తన జవాబు చెప్పాలి అనే నియమంతో మాట్లాడించేవారు. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా వినకుండా తన వంతు కోసం కాచుకుని ఉండే అలవాటు నటనను ఎంతగా చెడగొడుతుందో ఆ ఆటలోనే బయటపడుతుంది. మా అమ్మాయి ఇంట్లో కూడా అదే మొదలుపెట్టింది. "నాన్నా, కరెంటు బిల్లు కట్టలేదు అన్నావు కదా" అని నా మాటే నాకు అప్పజెప్పి, ఆ తరువాత "నానెందుకు కట్టాలి" అని అడిగేది.

ఇక్కడ భాష గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఈ తరగతి చేసిన అసలు మేలు అందులోనే ఉంది. బృందంలో తొమ్మిది మంది ఇళ్లలో తెలుగు, నలుగురి ఇళ్లలో ఒడియా, ఒక అబ్బాయి ఇంట్లో గిరిజన భాష అయిన సవర మాట్లాడతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మా ఊరు అటువైపు చేరింది. అప్పటి నుంచి ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా అన్న తీరు తరాలుగా సాగుతోంది. అందువల్ల తెలుగు గలగలా మాట్లాడే ఈ తొమ్మిది మందిలో ఆరుగురికి తెలుగు లిపి చదవడం రాదు. వాళ్లు తమ తెలుగు డైలాగులను ఒడియా లిపిలో రాసుకున్నారు. ఒడియా లిపిలో హ్రస్వ ఎకారానికీ దీర్ఘ ఏకారానికీ వేరు వేరు గుర్తులు లేవు కాబట్టి, కాగితం చూసి మొదటిసారి చదివినప్పుడు "అమ్మమ్మా, వేళ్లు చూపించు" అన్న మాట "అమ్మమ్మా, వెళ్లు చూపించు" అయి కూర్చుంది. అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వకుండా, ఆ అబ్బాయి చేతిలోని కాగితం తీసుకుని, "ఇంట్లో మీ మామ్మతో అయితే ఏమంటావు" అని అడిగారు. వాడు ఆలోచించకుండా "ఏల్లు సూపించవే మామ్మా" అన్నాడు. డైలాగు అప్పటికప్పుడు అలాగే మారిపోయింది.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పింది ఈ ఊళ్లోనే, సవర భాష నేర్చుకున్నదీ ఇక్కడి నుంచే. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజు పేరిట తెలుగు భాషా దినోత్సవం జరిపే పెద్దలు చాలామంది ఆ రోజున కూడా గ్రాంథికంలోనే ఉపన్యసిస్తారు. ఈ తరగతిలో ఆయన పేరు ఒక్కసారి కూడా వినిపించలేదు. పని మాత్రం ఆయన చెప్పినట్టే జరిగింది. పిల్లలు ముందుగా ఇంటి భాషలో సన్నివేశాన్ని నోటితో ఆడేవారు, ఫోనులో రికార్డు చేసేవారు, ఆ తరువాత అందులోంచి మంచి మాటలు ఏరి స్క్రిప్టు రాసేవారు. సవర ఇంటి అబ్బాయికి చిత్రంలో చిన్న పాత్రే అయినా, వాళ్లమ్మతో ఫోనులో మాట్లాడే ఆ నాలుగు మాటలనూ సవరలోనే ఉంచారు, తెలుగులోకి మార్చలేదు.

కథ పిల్లలదే. ఒక ముసలామెకు ఒడిశా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే మధుబాబు పింఛను ఆగిపోతుంది. ఆధార్ కార్డులో ఆమె పేరు ఒక రకంగా, బ్యాంకు పాసుపుస్తకంలో మరో రకంగా ఉండటమే కారణం. మనవరాలు ఒడియా దరఖాస్తు నింపి ఆమెను బ్యాంకుకు తీసుకువెళుతుంది. అక్కడి గుమాస్తా మంచివాడే, కానీ ఆమె మాట అతనికి అర్థం కాదు, అతని మాట ఆమెకు అర్థం కాదు. అంతే కథ. సరిహద్దు ఊళ్లలో పెరిగినవారెవరైనా ఏదో ఒక రోజు ఆ మనవరాలిగా నిలబడి ఉంటారు. మొదటి స్క్రిప్టు పద్నాలుగు పేజీలు వచ్చింది. పేజీకి సుమారు ఒక నిమిషం అన్న సినిమావాళ్ల లెక్క ప్రకారం రెండు రోజుల్లో అంత తీయడం కుదరదని మాస్టారు దానిని ఎనిమిది పేజీలకు కుదించారు. ఆ కోత పట్ల పిల్లలు అలిగారు, నేను కూడా ఒక మంచి సన్నివేశం పోయిందని బాధపడ్డాను. చివరికి చూస్తే ఇంకో పేజీ కూడా తీసేయవలసింది.

ఇక ఖర్చు. పద్నాలుగు మంది వెయ్యేసి రూపాయలు, తరగతి తరఫున 4,000, మొత్తం 18,000. శ్రీకాకుళం నుంచి రెండు రోజులకు అద్దెకు తెచ్చిన కెమెరాకు, లెన్సులకు 7,000. డ్రోన్‌కు ఒక పూటకు 3,000. లైట్లకు 1,500. ఇరవై మందికి రెండు రోజుల తిండికి 3,600. ఆటోలకు 900. ఎడిటింగుకు 2,000. కూడితే సరిగ్గా సరిపోయింది, కాని "సౌండ్" అని నేను గీసి ఉంచిన వరుస ఎదురుగా సున్నా మిగిలింది. లెక్క తప్పిందేమోనని మాస్టారిని అడిగాను. "కెమెరాకే మైకు ఉంటుంది సార్" అన్నారు. ఆ రంగం తెలిసినవారి మాట కాబట్టి నేను మరి మాట్లాడలేదు. మాట్లాడవలసింది.

ఈ జాబితాలో నా దృష్టిలో అన్నిటికన్నా సద్వినియోగమైన ఖర్చు తిండిది. ఉదయం ఉప్మా, పదకొండు గంటలకు ముఢి (మరమరాలు), ఘుగుని (బఠాణీల కూర), మధ్యాహ్నం అన్నం, పప్పు, గుడ్లకూర, సాయంత్రం టీ. వేళకు ఆకలి తీరితే పదిహేనేళ్లవాడు అయిదో టేకు కూడా గొణుక్కోకుండా చేస్తాడు. రెండో రోజు భోజనం ముప్పావు గంట ఆలస్యమైనప్పుడు ఒకే సన్నివేశానికి పదకొండు టేకులు పట్టడం నా పుస్తకంలోనే నమోదైంది. లైట్ల అద్దె మాత్రం దండగ. వీధి వైపు కిటికీ ఉన్న గదిలో మధ్యాహ్నపు వెలుతురును ఒక తెల్లటి థర్మాకోల్ పలకతో ముఖం మీదికి తిప్పితే సరిపోయిందని అదే రోజు తేలింది. కెమెరా అబ్బాయి పనిమంతుడు. గదిలోని ట్యూబులైటు వెలుగులో బొమ్మ మీద అడ్డంగా నీడల పట్టీలు పాకుతుంటే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు సెకనులో 50వ వంతు పెట్టుకోవాలని చెప్పి, అక్కడికక్కడే సరిచేశాడు.

డ్రోన్ సంగతి కూడా చెప్పాలి. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటినదానికి నమోదు సంఖ్య ఉండాలి. వచ్చినవాడి దగ్గర అది ఉంది, కాబట్టి ఆ విషయంలో వంక పెట్టలేను. ఊరంతా పైనుంచి చూపించి, మహేంద్రతనయ నది మీదుగా దిగి, ముసలామె ఇంటి పెరట్లో ఆగే షాటు తీయాలని పథకం. పూటంతా అదే సరిపోయింది. పూర్తయిన చిత్రంలో అది తొమ్మిది సెకన్లు ఉంది. ఒక్క సెకనుకు మూడు వందల ముప్పై మూడు రూపాయలు అన్నమాట. అందమైన షాటే, కాదనను. కాని ఆ కథకు ఊరిని పైనుంచి చూడవలసిన అవసరం లేదు, ఎందుకంటే ఆ ముసలామె ఎప్పుడూ చూసేది కౌంటరు వెనక ఉన్న మనిషినే.

బ్యాంకు సన్నివేశాన్ని నిజమైన బ్యాంకులో తీయడానికి ప్రయత్నం కూడా చేయలేదు, అది తెలివైన పని. తరగతి గదిలోనే ఇనుప చువ్వల కిటికీ ముందు బల్ల వేసి, మా బడి నుంచి నేను తెచ్చిన పాత రిజిస్టర్లు పేర్చి, ఒక స్టాంపు ప్యాడు పెట్టారు. ముసలామె పాత్రకు నటి కాని మనిషిని, మా వీధిలో అందరూ మామ్మ అని పిలిచే డెబ్బై దాటిన ఆవిడను ఒప్పించారు. ఆవిడకు స్క్రిప్టు ఇవ్వలేదు. ఏం జరుగుతుందో మాత్రం చెప్పారు. గుమాస్తాగా వేసిన ఒడియా అబ్బాయి "మాఉసీ, ఏఠి సహి కరంతు" (పిన్నీ, ఇక్కడ సంతకం పెట్టండి) అని వేలితో చోటు చూపించాడు. ఆవిడ ఆ కాగితం వైపు కాకుండా వాడి ముఖం వైపు కాసేపు చూసి, మనవరాలి వైపు తిరిగి, "ఒసే గుంటా, నా పేరు ఏ బాసలో రాసుకుంటే నాకేటి, డబ్బులొత్తే సాలని సెప్పు" అంది. ఎవరూ రాయని మాట అది. మనవరాలిగా వేసిన మా అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కోవడం కెమెరాలో స్పష్టంగా పడింది. చిత్రంలో ఆమె నటన మొత్తంలో అదే మంచి క్షణమని మాస్టారు అన్నారు, అది నటన కాదు కదా అని తను నాతో అంది.

సినిమాల్లో నటించే బాలల విషయంలో రోజుకు అయిదు గంటలు మించరాదు, విరామం లేకుండా మూడు గంటలు దాటరాదు అనే నిబంధన ఉంది. పదమూడేళ్ల చిన్నవాడికి మాస్టారు దానినే కొలతగా పెట్టుకుని, గడియారం చూసి ఇంటికి పంపించేశారు. ఆడపిల్లలు ఉన్న షాట్లన్నీ చీకటి పడక ముందే ముగించారు. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు ముందే రాయించుకున్నారు. ఈ జాగ్రత్తలన్నీ చూసి నాకు గౌరవం కలిగింది.

అసలు దెబ్బ ఎడిటింగు బల్ల దగ్గర తగిలింది. కెమెరాలో ఉన్న మైకు కెమెరా దగ్గర ఉన్నదానినే బాగా వింటుంది. మామ్మ కూర్చున్నది తొమ్మిదడుగుల దూరంలో; కెమెరా పక్కనే ఉన్నది సీలింగు ఫ్యాను. పక్కింటి కుక్కరు మూడు కూతలు, వీధిలో సైకిలు మీద వెళ్లే ఐస్‌క్రీం వాడి గంట, ఎవరిదో ఫోను మోత, వీటన్నిటి కింద ఎక్కడో మామ్మ గొంతు. చూసేటప్పుడు బొమ్మ ఎంత నిగనిగలాడుతోందో వినేటప్పుడు అంత విసుగు పుట్టింది. షూటింగు రోజున నేను ఫ్యాను ఆపమని అడిగితే, ఉక్కపోతకు ముఖాల మీద పౌడరు కారిపోతుందని ఆపలేదు. టేకు ముందు ఫ్యాను ఆపి, టేకు అయ్యాక వేసుకోవచ్చన్న ఆలోచన ఎవరికీ రాలేదు, నాకు కూడా. ఖాళీ గది చప్పుడును ఒక అర నిమిషం విడిగా రికార్డు చేసుకుని ఉంటే మాటకూ మాటకూ మధ్య అతుకులు తెలియకుండా కప్పుకోవచ్చని ఎడిటరు చెప్పాడు. అదీ చేయలేదు.

డబ్బింగు చెప్పించాలని నిర్ణయించారు. గదికి పరుపులు నిలబెట్టి, దుప్పట్లు కట్టి, ఫోను ముందు పిల్లలు తమ మాటలు తాము చెప్పుకున్నారు, వారికి కుదిరింది. మామ్మకు కుదరలేదు. తెర మీద తన పెదాలు కదలడం చూసి ఆవిడ మురిసిపోవడమే తప్ప, అదే మాట మళ్లీ అదే తీరున రాలేదు. "అప్పుడన్నాను కదమ్మా, మళ్లీ ఎందుకు" అని అడిగింది. అందుకు మా దగ్గర జవాబు లేదు.

కాపాడింది ఒక పిల్లవాడి అల్లరి. షూటింగు ముచ్చట్లు తీసి స్నేహితులకు చూపించుకుందామని అతడు తన ఫోనును రిజిస్టర్ల మధ్య, మామ్మ మోచేతికి జానెడు దూరంలో, రికార్డింగులో పెట్టి మరిచిపోయాడు. బొమ్మలో పడింది రిజిస్టరు అట్ట ఒక్కటే. శబ్దం మాత్రం ముత్యంలా ఉంది, ఆవిడ ఊపిరి తీసుకోవడం కూడా వినిపిస్తోంది. ప్రతి టేకుకూ క్లాప్ కొట్టారు కాబట్టి, రెండు రికార్డింగుల్లోనూ ఆ దెబ్బ ఎడిటింగు తెర మీద శబ్ద తరంగంలో నిలువు గీతలా కనిపిస్తుంది. ఆ గీతను ఈ గీతతో కలిపితే మాట పెదాలకు సరిపోతుంది. రెండు యంత్రాల వేగంలో చిన్న తేడా ఉన్నా, టేకులన్నీ రెండు నిమిషాల లోపువే కావడం వల్ల చివరిదాకా మాట పెదాలకు తప్పలేదు. థర్మాకోల్ ముక్క మీద పెన్నుతో గీసిన ఆ క్లాప్ బోర్డుకు అయిన ఖర్చు నా పుస్తకంలో లేదు, ఎవరో ఇంటి నుంచి తెచ్చారు. డ్రోన్‌కు ఇచ్చిన డబ్బులోనే ఒక జత కాలర్ మైకులు వచ్చి ఉండేవి, అవి తరువాతి బృందాలకు కూడా పనికివచ్చేవి.

సంగీతం విషయంలో మొదట ఒక పాత సినిమా పాటను వాడారు. హక్కులు లేని పాట పెడితే యూట్యూబ్‌లో పెట్టిన వెంటనే కాపీరైటు హెచ్చరిక వస్తుందని ఎడిటరు చెప్పడంతో తీసేశారు. ఇప్పుడు చివర్లో మామ్మ కూనిరాగం మాత్రమే ఉంది, అదీ ఆ ఫోనులో దొరికిందే. పూర్తయిన చిత్రం తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు. తరగతి గదిలోనే దుప్పటి మీద ప్రొజెక్టరుతో చూపించారు. పాతపట్నం నుంచి కూడా బంధువులు వచ్చారు. పింఛను సన్నివేశం దగ్గర వెనక వరుసలోని ముసలివాళ్లు తమ సొంత పేర్ల గొడవలు గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టారు, చివరి రెండు నిమిషాలు ఎవరికీ వినబడలేదు. మైకు గురించి ఇంత గోల పెట్టిన నేను ఆ ఒక్కసారికి ఫిర్యాదు చేయలేదు.

చేరాలనుకునేవారికి కొన్ని ఆచరణ విషయాలు. గదిలో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి లేదు, పక్క ఇంటివారిది వాడుకోవాలి. ఇది రుసుము తీసుకునేవారు ముందే సరిచేయవలసిన లోపం. కాశీనగర్ వైపు నుంచి వచ్చేవారు తిరుగు ప్రయాణం చూసుకుని చేరాలి, ఎందుకంటే ఏడు అని చెప్పినా ఏడున్నర అవుతుంది. చివర్లో ఇచ్చే ధ్రువపత్రం గోడకు తగిలించుకోవడానికే. సినిమాల్లో అవకాశాలు ఇప్పిస్తామని మాస్టారు ఎవరికీ చెప్పలేదు, చెప్పనందుకు ఆయనకు ఒక నమస్కారం. సిగ్గరి పిల్లలకు, ఇంట్లో ఒక భాష, బయట ఒక భాషతో నలిగే పిల్లలకు ఇది మంచి చోటు. కెమెరా పని, ఎడిటింగు నేర్చుకోవాలనుకునేవారికి మాత్రం ఇక్కడ దొరికేది తక్కువ. అద్దెకు వచ్చినవారి భుజం మీంచి చూడటమే.

అయిదుకు మూడున్నర చుక్కలు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నరలో ఒకటి శబ్దానికి, అర మరుగుదొడ్డికి. మా రెండోవాణ్ని తరువాతి బృందంలో చేర్చమని ఇంట్లో అడుగుతున్నారు. ముందు మైకు కొనండి, ఆ మరునాడే రుసుము కడతాను అని మాస్టారికి చెప్పాను. "ఈసారి కూడా లెక్కలు మీరే రాస్తారా సార్" అని అడిగారు. రాస్తానని, అయితే మొదటి వరుస నేనే నింపుతానని ఒప్పించుకుని వచ్చాను.